50 మంది ఊరికి 700 మీటర్ల గోడ

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లలో బెర్లిన్ వెళ్లి గోడ ముందు ఫోటో దిగనివాళ్లు చాలా తక్కువ. తప్పేం లేదు, నేనూ దిగాను. కాకపోతే అలాంటి గోడే ఒక చిన్న పల్లెటూరి మధ్యలోంచి కూడా పోయిందని, ఆ ఊళ్లో ఉండేది మొత్తం 50 మంది అటూ ఇటూగా అని, ఆ గోడలో కొంత భాగం ఇప్పటికీ పొలాల పక్కన అలాగే నిలబడి ఉందని చాలామందికి తెలియదు. ఊరి పేరు మోడ్లరాయ్ట్. అమెరికన్ సైనికులు దీన్ని 'లిటిల్ బెర్లిన్' అనేవాళ్లు.

నేనుండేది హోఫ్‌లో. బవేరియాకి ఈశాన్య కొస. చలి ఎక్కువని ఈ ప్రాంతాన్ని జర్మన్లే 'బవేరియా సైబీరియా' అని వెక్కిరిస్తారు, ఆ వెక్కిరింత పూర్తిగా న్యాయమే, ఏప్రిల్‌లో కూడా ఇక్కడ జాకెట్ తీయబుద్ధి కాదు. ఇక్కడి యూనివర్సిటీ పుణ్యమా అని ఇండియన్ స్టూడెంట్స్ బాగానే ఉంటారు, భారత్‌తో విద్యా సంబంధాల కోసం బవేరియా పెట్టిన బవేరియన్-ఇండియన్ సెంటర్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. సూపర్ మార్కెట్లో క్యూలో నిలబడితే వెనక నుంచి తెలుగు వినిపించడం ఇక్కడ వింతేమీ కాదు. వీకెండ్ వస్తే అందరం ప్రాగ్ అనో నురెంబర్గ్ అనో బయల్దేరతాం. కారులో పావుగంట, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మోడ్లరాయ్ట్‌కి మాత్రం ఎవరూ పోరు, ఎందుకంటే అక్కడ షాపింగ్ లేదు, కోట లేదు, రీల్ తీసుకోవడానికి పెద్ద సరస్సు కూడా లేదు. ఒక వాగు, ఒక చెరువు, కొన్ని రైతుల ఇళ్లు, కొట్టాలు, కొన్ని ట్రాక్టర్లు, అంతే. గోడ లేకపోతే నేను కూడా ఆ ఊరి పేరు విని ఉండేదాన్ని కాదు.

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు వాణ్ణి తీసుకెళ్లాను. కారు దిగి, ఊరి మధ్యలో పారే టాన్‌బాహ్ వాగు దగ్గరికి వెళ్లి, "ఇదిగోరా, ఇదే సరిహద్దు" అంటే వాడు నమ్మలేదు. "అక్కా, ఊరుకో, మన చేలో బోదె కాలువ ఇంతకంటే వెడల్పు ఉంటుంది" అన్నాడు. నిజమే, ఒక్క అంగ వేస్తే అవతలికి చేరిపోవచ్చు, లోతు చాలాచోట్ల పాదం మునిగేంత. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఈ నీళ్లకి ఇటు పక్క అమెరికా కూటమి నాటో, అటు పక్క సోవియెట్ కూటమి వార్సా ఒప్పందం. మధ్యలో కోళ్లు, కుక్కలు, చుట్టరికాలు.

చాలామంది అనుకునేదేమిటంటే, 1945లో ఎవరో మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీశారు, పాపం ఊరు రెండు ముక్కలైంది అని. అలా కాదు. ఆ గీత అంతకుముందు నుంచే ఉంది. నెపోలియన్ కాలంలో, 1810లో, హోఫ్ ప్రాంతం బవేరియా రాజ్యానికి దక్కింది. వాగుకి అవతలి పక్క రాయ్స్ అనే బుల్లి సంస్థానం. అప్పుడే వాగు వెంబడి హద్దురాళ్లు పాతారు, వాటిలో కొన్నిటిని ఇప్పటికీ చూడొచ్చు. మోకాలెత్తు రాయి, ఒకవైపు కె, బి అని రెండక్షరాలు, అంటే బవేరియా రాజ్యం, రెండో వైపు ఎఫ్, ఆర్, అంటే రాయ్స్ సంస్థానం. పాచి పట్టి, అంచులు అరిగి, గడ్డిలో సగం దాక్కుని ఉంటాయి. చూపించేవాళ్లు లేకపోతే మామూలు రాయనుకుని దాటుకుంటూ పోతాం.

ఈ రాయ్స్ వాళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ వంశంలో పుట్టిన మగపిల్లలందరికీ ఒకటే పేరు, హైన్‌రిష్. అందరికీ! రాజైనా కాకపోయినా, పెద్దవాడైనా చిన్నవాడైనా, హైన్‌రిష్ ఫలానా నంబర్. దాంతో నంబర్లు డెబ్బై దాకా పోయాయి, ఒక శాఖ వాళ్లయితే శతాబ్దం మారినప్పుడల్లా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాళ్లు. వాళ్లింట్లో అమ్మ "హైన్‌రిష్, అన్నానికి రా" అని పిలిస్తే ఎంతమంది లేచేవాళ్లో.

సరే, అసలు విషయానికి వస్తే, అక్కడ రెండు రాజ్యాలున్నా ఊరు మాత్రం ఒకటే. బడి, సారా కొట్టు రాయ్స్ వైపు, అంటే తర్వాత తురింగియా అయిన వైపు ఉండేవి. చర్చికి మాత్రం అందరూ బవేరియా వైపున్న ట్యోపెన్‌కి వెళ్లేవాళ్లు. పిల్లలు చదువుకి వాగు అటు దాటేవాళ్లు, ఆదివారం ప్రార్థనకి పెద్దలు వాగు ఇటు దాటేవాళ్లు, సాయంత్రం బీరుకి మళ్లీ అటు. పెళ్లి సంబంధాలు కూడా అంతే. పన్నులు ఎవరికి కట్టాలి, ఎవరి సైన్యంలో చేరాలి అన్నప్పుడు తప్ప ఆ రాళ్లతో ఎవరికీ పని పడేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాజులు పోయారు, 1920లో ఆ బుల్లి సంస్థానాలన్నీ కలిపి తురింగియా అని ఒక రాష్ట్రం చేశారు, అయినా వాగు వాగుగానే ఉంది. అప్పుడది ఒకే దేశంలో రెండు రాష్ట్రాల మధ్య హద్దు.

ఆ పాత రాళ్లనే పట్టుకుని 1945లో విజేతలు జర్మనీని పంచుకున్నారు. బవేరియా అమెరికాకి, తురింగియా సోవియెట్‌కి. నిజానికి యుద్ధం ముగిసేసరికి తురింగియాలో ఉన్నది అమెరికన్లే. ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం 1945 జులైలో వాళ్లు వెనక్కి తగ్గారు, అదే సమయంలో బెర్లిన్ పడమటి భాగాలు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ చేతికొచ్చాయి. ఆ సర్దుబాటులో మోడ్లరాయ్ట్ లాంటి ఊరి సంగతి ఎవరికి పట్టింది? మొదట్లో సోవియెట్ సైనికులు వాగు దాటి బవేరియా భాగంలో కూడా కూర్చున్నారు, 1946లో గానీ వెనక్కి జరగలేదు. 1949లో ఇటు పశ్చిమ జర్మనీ, సోవియెట్ వైపు తూర్పు జర్మనీ అని రెండు దేశాలు ఏర్పడ్డాయి. అప్పటికీ చీటీ చూపించి అటూ ఇటూ తిరిగే వీలు కొంత ఉండేది.

అసలు దెబ్బ 1952లో పడింది. ఆ ఏడు మే నెలాఖరున తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు మూసేసింది. హద్దు వెంబడి 10 మీటర్ల మేర దున్నిన నేల, ఎవరైనా కాలు పెడితే అడుగు పడి తెలిసిపోయేలా. ఆ వెనక 500 మీటర్ల పట్టీ, దానికి ప్రత్యేక అనుమతి. మొత్తంగా 5 కిలోమీటర్ల నిషేధిత ప్రాంతం. ఇంకా ఘోరం ఏమిటంటే, నమ్మకం లేని కుటుంబాలంటూ జాబితాలు తయారుచేసి, సరిహద్దు పొడవునా వేలమందిని రాత్రికి రాత్రి లారీలెక్కించి లోపలి జిల్లాలకి పంపేశారు. ఆ ఆపరేషన్‌కి వాళ్లు పెట్టుకున్న పేరు 'పురుగులు'. తమ పౌరులకి, తమ రైతులకి పెట్టిన పేరది. మ్యూజియంలో ఆ మాట చదివినప్పుడు, గోడని చూసినప్పటి కంటే ఎక్కువ ఒళ్లు మండింది నాకు.

వాగు ఒడ్డునే ఒక పిండిమిల్లు ఉండేది. తరలించాల్సిన వాళ్ల జాబితాలో ఆ మిల్లు నడిపే కుటుంబం ఉంది, వాళ్లు సామాను వదిలేసి వాగు దాటి పడమటికి వెళ్లిపోయారు. దాటిన దూరం ఎంతో పైన చెప్పాను కదా. అంత దూరంలో నిలబడి తమ ఇంటిని చూసుకోగలరు, తిరిగి అడుగు మాత్రం పెట్టలేరు. తర్వాత ఆ మిల్లుని కూలగొట్టేశారు, సరిహద్దుకి అంత దగ్గర ఇల్లుంటే కాపలాకి అడ్డమని.

ఊరి మధ్యలో మొదట వచ్చింది మనిషి ఎత్తు చెక్క కంచె. తర్వాత ముళ్లతీగ. 1966లో కాంక్రీటు గోడ, 3.3 మీటర్ల ఎత్తు, 700 మీటర్ల పొడవు. బెర్లిన్ గోడ మొదలైన ఐదేళ్లకి. సరిహద్దు మొత్తం పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఇనుప జాలీ కంచెలే. గోడ కట్టింది ఊళ్ల దగ్గర, ఎందుకంటే జాలీలోంచి మనుషులు కనిపిస్తారు, మనుషులు కనిపిస్తే పలకరింపులు మొదలవుతాయి.

పలకరింపు అంటే గుర్తొచ్చింది. తూర్పు వైపు వాళ్లు పడమటి వైపు చెయ్యి ఊపకూడదు. పడమటి వైపు నుంచి ఎవరైనా ఊపినా బదులు ఇవ్వకూడదు. అవతల నిలబడ్డది సొంత పెద్దనాన్నే కావచ్చు, చిన్నప్పటి ఫ్రెండే కావచ్చు, తల తిప్పుకుని పోవాలి. గోడ కట్టాక కూడా పడమటి ఒడ్డున కాస్త ఎత్తు మీద నిలబడితే తూర్పు ఇళ్లు, పెరళ్లు కనిపించేవి, కాబట్టి ఇదేదో పేరుకి పెట్టిన రూలు కాదు, రోజూ ఎదురయ్యే సంగతే. తూర్పు మోడ్లరాయ్ట్‌లో ఉండేవాళ్లకి తమ ఊరికి తాము రావడానికే పర్మిట్ కావాలి. బయటినుంచి చుట్టాలు రావాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి, అది ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు. రాత్రి పూట ఇళ్లలోంచి బయటికి రాకూడదు. రాత్రంతా గోడ వెంబడి ఫ్లడ్‌లైట్లు, 50 మంది ఊళ్లో.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చూస్తే గానీ అర్థం కాదు. గోడ సరిగ్గా సరిహద్దు మీద లేదు. సరిహద్దు వాగు మధ్యలో ఉంది, గోడని కొన్ని మీటర్లు లోపలికి, పూర్తిగా తూర్పు జర్మనీ నేల మీద కట్టారు. అంటే వాగుకి, గోడకి మధ్య ఉన్న ఆ సన్నటి గడ్డి పట్టీ కూడా తూర్పు జర్మనీదే. పడమటి నుంచి వచ్చిన టూరిస్టు సరదాకి వాగు దాటి గోడని చేత్తో తాకాడంటే వాడు ఇంకో దేశంలోకి చొరబడ్డట్టు లెక్క. ఆ పట్టీలో గడ్డి పెరిగితే కోయడానికి కూడా తూర్పు సైనికులే కాపలా పెట్టుకుని గోడ ఇవతలికి రావాలి. ఇప్పుడు ఆ గడ్డి మీదే నడుస్తాం. మేం వెళ్లినప్పుడు స్కూలు పిల్లలు కొందరు అక్కడ కూర్చుని శాండ్‌విచ్‌లు తింటున్నారు, వాళ్ల టీచరమ్మ గోడ గురించి ఏదో చెబుతోంది, ఒక్కరూ వినడం లేదు.

ఈ గోడ దాటి పారిపోయిన కథ ఒకటుంది. 1973లో ఒక డ్రైవర్ రాత్రి పూట తన బండిని గోడ దాకా తెచ్చి, తను తయారు చేసుకున్న నిచ్చెనని బండి మీంచి గోడకి ఆనించి ఎక్కి అవతలికి దూకేశాడు. వినడానికి ఎంత తేలికో! కానీ అక్కడిదాకా బండితో రాగలగడమే సగం యుద్ధం, ఎందుకంటే నిషేధిత ప్రాంతంలోకి అడుగుపెట్టే అనుమతి అందరికీ ఉండదు. ఊళ్లో మిగతావాళ్లు ఎందుకు ప్రయత్నించలేదు అని అడుగుతారు కొందరు. తల్లిదండ్రులు, పశువులు, పొలం, ఇల్లు, అన్నీ ఇక్కడే ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు? పైగా ఒకరు పోతే వెనక ఉన్నవాళ్ల మీద పడతారు.

పడమటి వైపు మాత్రం ఇది చూడదగ్గ స్థలం అయిపోయింది. బస్సుల్లో వచ్చి, గోడ చూసి, ఫోటోలు తీసుకుని పోయేవాళ్లు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా వచ్చాడు, తర్వాత అధ్యక్షుడైన పెద్ద బుష్. ఇంతమంది పెద్దవాళ్లు వచ్చి చూసి జాలిపడి వెళ్లినా గోడ మాత్రం ఇంకో ఆరేళ్లు కదల్లేదు.

1989 కథలో మా హోఫ్‌కి కూడా చోటుంది. ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ ఎంబసీలో తలదాచుకున్న తూర్పు జర్మన్లని రైళ్లలో పంపినప్పుడు, ఆ రైళ్లు అక్టోబర్ 1 తెల్లవారుజామున వచ్చి ఆగింది హోఫ్ స్టేషన్లోనే. రోజూ నేను ట్రైన్ లేటని విసుక్కునే ప్లాట్‌ఫామ్‌లు అవి. నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది, ప్రపంచమంతా టీవీలో చూసింది. మోడ్లరాయ్ట్ వాళ్లూ టీవీలోనే చూశారు. వాళ్ల గోడ ఇంకా మూసే ఉంది! పక్కింటికి వెళ్లాలంటే దూరంగా ఉన్న వేరే చెక్‌పోస్టు దాకా పోయి, చుట్టు తిరిగి రావాలి. ఊరివాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డారు, అడిగారు, చివరికి డిసెంబర్ 9న, అంటే బెర్లిన్ తర్వాత సరిగ్గా నెలకి, నడిచి దాటడానికి ఒక దారి తెరిచారు. 1990 జూన్ 17న బుల్డోజర్ పెట్టి గోడని కూల్చారు.

మొత్తం కూల్చకుండా కొంత ఉంచాలని పట్టుబట్టినవాళ్లకి దండం పెట్టాలి. అప్పట్లో అందరికీ కోపం, కనిపించిన ప్రతి స్తంభాన్నీ పీకిపారేయాలన్నంత కసి, అందులో తప్పు పట్టడానికేముంది. అయినా 1990లోనే మ్యూజియం పని మొదలుపెట్టి, సుమారు 100 మీటర్ల గోడని, కాపలా టవర్‌ని, జాలీ కంచెని, హెచ్చరిక బోర్డుల్ని ఉన్నచోటే ఉంచేశారు. పేరు జర్మన్-జర్మన్ మ్యూజియం. ఆరుబయట భాగం చూడటానికే గంటన్నర పడుతుంది. షెడ్లలో రెండు పక్షాల జీపులు, గస్తీ బళ్లు, తూర్పు జర్మనీలో తయారైన ట్రబాంట్ కార్లు పెట్టారు, మగపిల్లలు అక్కడే అతుక్కుపోతారు, మా తమ్ముడితో సహా. నా మటుకు నాకు బళ్ల కంటే గోడ వెనక భాగం ముఖ్యం. తెల్ల గోడ, కాపలా దారి, జాలీ, టవర్, వరసగా ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ వస్తే ఒక సంగతి వెంటనే తడుతుంది. ఈ ఏర్పాటంతా బయటి శత్రువుని ఆపడానికి కాదు. అడ్డాలన్నీ లోపలి నుంచి వచ్చేవాడి కోసం అమర్చినవి.

ఇప్పుడు ఊరు ఒకటైందా అంటే, అక్కడే తమాషా. గోడ పోయింది, 1810 నాటి గీత మాత్రం అలాగే ఉంది. సగం ఊరు బవేరియాలో ట్యోపెన్ కింద, సగం ఊరు తురింగియాలో గెఫెల్ కింద. 50 మందికి ఇద్దరు మేయర్లు. పిన్‌కోడ్లు రెండు, ఫోన్ కోడ్లు రెండు, వాగుకి ఇటు కార్ల నంబర్ ప్లేట్ల మీద హెచ్‌ఓ, అటు ఎస్‌ఓకే. స్కూలు సెలవులు వేరు. యాస కూడా వేరు, ఇటువైపు 'గ్రూస్ గాట్' అని పలకరిస్తే అటువైపు 'గుటెన్ టాగ్' అంటారు. కలిపేయొచ్చు కదా అని మనకనిపిస్తుంది గానీ, వాళ్లకి అదంత పెద్ద అవసరంగా కనిపించడం లేదు. నాకైతే అది అర్థమైంది. నూట ముప్పై ఏళ్లకి పైగా ఆ హద్దురాళ్లతో వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. నలభై ఏళ్ల పాటు దాని పక్కన తుపాకీ పట్టుకుని మనుషులు నిలబడ్డారు, బాధంతా ఆ నలభై ఏళ్లదే.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. బెర్లిన్-మ్యూనిక్ ఏ9 హైవే ఈ ఊరికి దగ్గర్లోంచే పోతుంది, ఆ దారిన ఎప్పుడైనా వెళ్తుంటే పక్కకి దిగండి. బస్సులని నమ్ముకోకండి, వీకెండ్‌లో అసలే వద్దు, ఎవరిదైనా కారు చూసుకోండి, నలుగురు కలిసి అద్దెకి తీసుకున్నా పెద్ద ఖర్చు కాదు. బయల్దేరే ముందు మ్యూజియం టైమింగ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఎండాకాలమైనా జాకెట్ పెట్టుకోండి, ఎందుకో మొదట్లోనే చెప్పాను. తినడానికి ఏవైనా కట్టుకుపోవడం మేలు, మేం పులిహోర పట్టుకెళ్లాం, చెరువు గట్టున కూర్చుని తిన్నాం, పక్కన బాతులు మా డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాయి.

అక్టోబర్ ఆఖర్లో మాత్రం కొంచెం చూసుకుని బయల్దేరండి. అక్టోబర్ 31 తురింగియా, సాక్సనీల్లో సెలవు, బవేరియాలో కాదు. నవంబర్ 1 బవేరియాలో సెలవు, వాళ్లకి కాదు. దాంతో 31న అటువాళ్లంతా షాపింగ్‌కి హోఫ్ వచ్చేస్తారు, పార్కింగ్ దొరకదు, ఒకటో తారీఖున మేమంతా సాక్సనీలో ప్లౌవెన్ మీద పడతాం, అక్కడా పార్కింగ్ దొరకదు.